బంధానికి కుర్చీ

వీధి మలుపులో మందుల షాపు పైన ఉన్న క్లినిక్‌లో మనుషులకు వైద్యం చేయబడదు. ఈ సంగతి గుమ్మం పక్కన బోర్డు మీదే ఉంది: "ఇచ్చట వ్యక్తులు చూడబడరు. వ్యక్తుల నడుమ ఉన్నది మాత్రమే చూడబడును." చదువు రానివాళ్లకు రిసెప్షనిస్టు ఇదే ముక్క నోటితో చెప్పి వెనక్కి పంపుతుంది.

అక్కడి ఫ్యామిలీ థెరపిస్టును అందరూ బంధాల డాక్టరు అంటారు. ఆయన పూర్వచరిత్ర వెయిటింగ్ గదిలో ఫ్రేము కట్టి వేలాడుతోంది. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవారు. ఆయనకు ఆరేళ్లప్పుడు తండ్రికీ పెదనాన్నకీ మాటలు ఆగిపోయాయి. ఇల్లు మాత్రం ఒకటే, వంటగదీ ఒకటే. "ఉప్పు అందించమని మీ పెదనాన్నతో చెప్పరా." "అందేచోటే ఉందని మీ నాన్నతో చెప్పరా." ఇలా పన్నెండేళ్లు ఆయన ఆ ఇద్దరి మధ్యా నిలబడే ఉన్నారు. ఇంకొకరైతే దీన్ని కష్టం అనుకునేవారు. ఆయన దాన్ని పద్ధతిగా తీర్చిదిద్దారు. మనుషులు ముఖ్యం కాదు, వాళ్ల మధ్య నిలబడేదే ముఖ్యం అన్న సత్యం ఆయనకు ఆ వంటగదిలోనే బోధపడింది.

ఈ పద్ధతిలో ఎవరి పేరూ అడగరు. రిజిస్టరులో "అత్తాకోడళ్ల మధ్యది", "అన్నదమ్ముల మధ్యది, రంగుల షాపు" అని మాత్రమే ఉంటుంది. ఇద్దరు వస్తే మూడు కుర్చీలు వేస్తారు. మూడో దాంట్లో బంధం కూర్చుంటుంది. ఎవరు ఏం చెప్పుకోవాలన్నా దానితోనే చెప్పుకోవాలి.

ఆ కుర్చీల దగ్గరికి ఒక బస్సు డ్రైవరు, అతని భార్య వెళ్లారు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. గొడవ కిటికీ గురించి. రోజంతా ముఖాన గాలి కొట్టించుకుని వచ్చే అతనికి కిటికీ మూసి ఉండాలి. రోజంతా గుడ్డల నూగు పీల్చే ఆమెకు తెరిచి ఉండాలి. ఆరు నెలలు ఒకరు తెరిచారు, ఒకరు మూశారు. కిటికీ గడియ అరిగిపోయాక మాటలు కూడా ఆగిపోయాయి.

డాక్టరు గారు గృహసందర్శనకు విచ్చేశారు. గది నాలుగు మూలలా నిలబడి చూసి, "బంధానికి ఇంట్లోకెల్లా మంచి ఆసనం ఇవ్వాలి. వెలుతురు పడాలి," అని సెలవిచ్చారు. ఆ ఇంట్లో అలాంటిది ఒకటే ఉంది, కిటికీ పక్కన పేము కుర్చీ. అందులో డ్రైవరు తల్లి కూర్చుని ఉంది. ఆసుపత్రి వార్డులో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా నిలబడి పనిచేసిన మనిషి. రిటైరైన రోజున నర్సులంతా తలా కాస్త వేసుకుని ఆ కుర్చీ కొనిచ్చారు. "ఇక నిలబడింది చాలమ్మా" అని ఒక కార్డు రాసి దాని చేతికి కట్టారు. అది ఇంకా కుర్చీ చేతికే ఉంది.

అందరూ ఆమె వైపు చూశారు. మంచి కుటుంబాల్లో ఇలాంటివి నోటితో చెప్పే అవసరం రాదు.

"లేస్తున్నా నాయనా. మోకాళ్లు కూడా ఒప్పుకోవాలిగా," అంటూ ఆమె లేచింది. "ఇంతకీ ఇందులో కూర్చునేవాళ్లు ఎప్పుడొస్తారు?"

"వచ్చేసిందమ్మా, కూర్చుంది కూడా," అన్నారు డాక్టరు గారు కుర్చీకి నమస్కారం పెట్టి. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు. "అమ్మా! మీరు లేచింది కుర్చీలోంచి కాదు, అహంలోంచి! ఒక తరం లేచి నిలబడితేనే ఒక బంధం స్థిరంగా కూర్చుంటుంది!"

కోడలు కళ్లు తుడుచుకుంది. ముసలావిడ గోడ పట్టుకుంది.

ఫలితాలు అమోఘం. "బంధమా, నాకు తలనొప్పిగా ఉందని ఆవిడతో చెప్పు." "బంధమా, మరి చెవులకి గుడ్డ కట్టుకు తిరగమని ఆయనతో చెప్పు." ఇల్లంతా మర్యాద వెల్లివిరిసింది. బంధానికి జలుబు చేస్తుందని కిటికీ ఒక రెక్క మూశారు, ఉక్కపోస్తుందని రెండోది తెరిచారు. మనుషుల కోసం ఆరు నెలలు కుదరని రాజీ ఖాళీ కుర్చీ కోసం ఐదు నిమిషాల్లో కుదిరింది. కోడలు మిగిలిన పట్టుగుడ్డతో దానికి దిండు కూడా కుట్టింది. అత్తగారు గుడ్డముక్కల మూట మీదికి మారింది. మూట విప్పాల్సి వచ్చినప్పుడు బోర్లించిన బకెట్టు మీదికి, స్నానాల వేళకు మళ్లీ గోడ దగ్గరికి.

ఈ విజయం చూసి ఊరు ఊరుకోలేదు. రంగుల షాపు అన్నదమ్ములు ఫ్యాను కింద కుర్చీని బంధానికిచ్చి, ముసలి గుమాస్తాను నిచ్చెన మెట్టు మీదికి ఎక్కించారు. ఒక ఆఫీసులో మేనేజరుకూ సిబ్బందికీ మధ్య ఉన్నదానికి టైపిస్టు కుర్చీ కేటాయించారు. ఆమె నిలబడి టైపు చేయడం నేర్చుకుంది, వేగం తగ్గినందుకు మెమో కూడా అందుకుంది. ఇంత జరిగినా ఊళ్లో కుర్చీల కొరత రాకపోవడం విశేషం.

ఒకరోజు ముసలావిడ మెట్లెక్కి క్లినిక్‌కు వెళ్లింది.

"ఎవరి మధ్యదండీ?" అడిగింది రిసెప్షనిస్టు.

"నా కుర్చీ నాకిప్పించమని అడగడానికొచ్చానమ్మా."

"ఒక్కరే వస్తే చూడరు పెద్దమ్మా. రెండోవాళ్లని కూడా తీసుకురావాలి."

ఆవిడ బుద్ధిగా తలూపింది. వెయిటింగ్ గదిలో ఫ్రేము కట్టిన పూర్వచరిత్రను నిలబడే మొత్తం చదువుకుని వెళ్లిపోయింది. కొడుకు సెలవు రోజున, భోజనాలయ్యాక దంపతులు కునుకు తీస్తుండగా, దిండు పక్కన పెట్టి కుర్చీ ఎత్తుకుంది. పది అడుగులు మోసేది, దింపి కూర్చునేది, మళ్లీ మోసేది. మలుపు చేరేలోపు పదకొండు సార్లు కూర్చుంది. అంతకుముందు నాలుగు నెలల్లో కూర్చున్నది అన్నిసార్లు ఉండదు. మేడ మెట్ల దగ్గర మాత్రం మందుల షాపాయన వచ్చి ఒక చెయ్యి వేశాడు.

"రెండోవాళ్లని తెచ్చాను," అంది రిసెప్షనిస్టుతో.

నిబంధన నిబంధనే. లోపలికి పంపక తప్పలేదు. ఆమె డాక్టరు గారి ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీ ఇద్దరి మధ్యా ఏముంది?" అని ఆయన పద్ధతి ప్రకారమే అడిగారు.

"ఏమీ లేదు నాయనా. ఆనుకునే కూర్చున్నాగా."

ఆయన కలం ఆగింది. ఇరవై ఏళ్ల వృత్తిలో ఇద్దరి మధ్యా ఏమీ అడ్డం లేని కేసు ఇదే మొదటిది.

"బయట నీ కథ చదివాను. పన్నెండేళ్లూ నిలబడే ఉన్నావా బాబూ? కాసేపు కూర్చోరా అని ఒక్కరూ అనలేదా?"

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీసి తుడిచారు. "ఆ ప్రశ్న ఈ పద్ధతిలో లేదమ్మా," అన్నారు.

అంతలో దంపతులిద్దరూ రొప్పుతూ వచ్చిపడ్డారు.

"డాక్టరు గారూ, ఘోరం జరిగిపోయిందండీ! లేచి చూస్తే కుర్చీ లేదు. మేం నేరుగా మాట్లాడేసుకున్నాం!" అన్నాడు డ్రైవరు.

"ఏమని?"

"ముందు 'కుర్చీ ఏదీ?' అన్నానండీ."

"తర్వాత?"

"'అమ్మ ఏదీ?' అన్నారు," అంది భార్య. "అది వీధిలోకొచ్చాక గుర్తొచ్చిందిలెండి."

డాక్టరు గారు చీటీ రాసి సంతకం పెట్టారు: "ఈమెకూ కుర్చీకీ మధ్య సంపూర్ణ సాన్నిహిత్యం కలదు. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు కొనసాగించవలెను. మిగతా వేళల్లో బంధం యథాప్రకారం కూర్చుండును."

ఆ చీటీ ఇప్పుడు కిటికీ పక్క గోడ మీద ఫ్రేములో ఉంది. వచ్చినవాళ్లంతా చదివి, "అత్తగారి కోసం ఎంత చేస్తున్నావమ్మా!" అని కోడలిని మెచ్చుకుంటారు. "మా ఇంట్లో ఇంత ఓపిక ఎవరికండీ!" అని నిట్టూరుస్తారు. ఆరు గంటలకు అలారం పెట్టారు గానీ ఇంతవరకు అది మోగే అవసరం రాలేదు. ఐదూ యాభైకే ఆమె రెండు చేతులూ కుర్చీకి ఆనించి, మోకాళ్లను ఒప్పించడం మొదలుపెడుతుంది.

మీ ఇంట్లోనూ బంధానికి చోటివ్వాలనుకుంటే కొత్త కుర్చీ కొనక్కర్లేదు, డాక్టరు గారు రానూ అక్కర్లేదు. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకుండా ఉండండి. లేవాల్సిన మనిషి ఎవరో మీరు చెప్పక్కర్లేదు. తనంతట తనే లేస్తుంది.