టమాటా మొక్కల చార్జి

రెడ్డెమ్మ చనిపోయి నలభై రోజులు దాటినా, పెరట్లోని పదకొండు టమాటా మొక్కలకు రోజూ ఉదయం ఆరు గంటలకు నీళ్లు పోస్తున్నది ఆమే. ఆ పనికి ఇంకా ఎవరూ చార్జి తీసుకోలేదు మరి.

మా ఊళ్లో ఇది వింతేమీ కాదు. ఇంట్లో ఇంకెవరికీ చేతకాని పని ఒకటి మిగిల్చి పోయినవాళ్లను, ఆ పని మరొకరు నేర్చుకునేదాకా పురపాలక కార్యాలయం రిలీవ్ చేయదు. ఇందుకోసం మేడ మీద, జనన మరణాల విభాగం పక్కన, అప్పగింతల విభాగం ఉంది. కోమట్ల వీధిలో ఒకావిడ, కోడలికి ఆవపిండి పాళ్లు కుదరక, తను పోయిన తర్వాత కూడా రెండు వేసవులు వచ్చి ఆవకాయ కలిపి వెళ్లింది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి, మాకూ ఒక జాడీ కలపమ్మా అన్నారే తప్ప, నువ్వు చచ్చిపోయావు కదా అనలేదు.

నిబంధనలు మూడే. వచ్చినవాళ్లు ఆ పనికి పట్టేంతసేపే ఉండాలి. ఆ పనిముట్టు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. ఆ పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. రెడ్డెమ్మకు రాసిచ్చిన సమయం ఇరవై నిమిషాలు, పనిముట్టు ఒక ఇత్తడి చెంబు. బకెట్టు ముట్టుకోవచ్చా లేదా అన్నది పైఅధికారులకు రాశారు. జవాబు ఇంకా రాలేదు కాబట్టి బకెట్టు నింపి పెట్టే బాధ్యత తాత్కాలికంగా భర్త చెంగల్రాయుడిదే.

చెంగల్రాయుడు ముప్పైమూడేళ్లు అదే పురపాలక కార్యాలయంలో ఊరికి నీళ్లు వదిలే వాల్వులు తిప్పాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే ఇనుప కడ్డీ భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. ఏ వీధికి ఎన్ని తిప్పులు తిప్పాలో, ఏ మలుపులో పైపు ఎంత లోతున ఉందో ఆయనకు కంఠతా వచ్చు. సొంత పెరట్లో మాత్రం చెంబు పట్టిన పాపాన పోలేదు. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని రెడ్డెమ్మ నవ్వుతూ అనేది. రిటైరయ్యాక రెండేళ్లు ఏడు దాకా పడుకున్నాడు. నిద్ర బాకీ తీర్చుకుంటున్నానని చెప్పుకునేవాడు. కాబట్టి ఆరు నుంచి ఆరూ ఇరవై దాకా తన భార్య ఎలా ఉంటుందో పెళ్లయిన ముప్పైఒక్క ఏళ్లలో ఆయన చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు.

ఐదింటికే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బట్టలుతికే బండ మీద కూర్చునేవాడు. ఆమె జామచెట్టు పక్క నుంచి వచ్చేది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మొదటి మొక్క దగ్గర వంగి, చూపుడువేలు మట్టిలోకి రెండు గణుపులు దింపి చూసేది. తడి తగిలితే ఆ మొక్కను వదిలేసి పక్కదాని దగ్గరికి వెళ్లేది. పొడిగా ఉంటే చెంబు వంచేది. నీళ్లు నేరుగా మట్టి మీద పడనిచ్చేది కాదు. ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టేది. నీళ్లు ఆ చేతి మీద పడి, వేళ్ల సందుల్లోంచి జారి, మొదట్లోకి నెమ్మదిగా ఇంకేవి. తన ఇంట్లో అంత మెత్తటి పని ఒకటి రోజూ జరిగేదని చెంగల్రాయుడికి తెలియదు. తెలిసిన మొదటి రోజు ఆయన బండ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మోకాళ్ల నొప్పి ఎట్లుండాదే?" అని అడిగాడు, కళ్లు తుడుచుకున్నాక.

నిబంధన గుర్తొచ్చినట్టు ఆమె తర్వాతి మొక్క దగ్గర వంగింది. "నిలబడుకోని పోస్తే నీళ్లు ఆకుల మీద పడతాయి. తెగులు పట్టుకుంటాది. వంగే పొయ్యాల" అంది.

వంగగలుగుతోంది కాబట్టి నొప్పి లేదని ఆయన అర్థం చేసుకున్నాడు. అప్పటి నుంచి వాళ్ల సంసారం అలాగే నడిచింది. సంగటిలోకి ఆమె రోట్లో నూరే ఊరిబిండి పచ్చడి, ఆ టమాటా పులుపు, ఆకులు తుంచి వచ్చినప్పుడు ఆమె వేళ్లకు అంటిన పచ్చటి వాసన, అన్నీ గుర్తొచ్చేవి. ఒక్కటీ అడగడానికి లేదు. "ఈ మొక్కకు ఎన్ని చెంబులు?" అని అడిగేవాడు. "రెండు" అనేది. మర్నాడు మళ్లీ అదే అడిగేవాడు. "రెండేనయ్యా" అనేది. ఆ 'అయ్యా' కోసమే రెండోసారి అడిగేవాడు.

నెల తిరిగేసరికి అప్పగింతల విభాగం నుంచి సూపర్‌వైజరు దిల్షాద్ బేగం పరీక్షకు వచ్చింది. చెంగల్రాయుడు తన అనుభవమంతా చూపించాడు. కుళాయికి రబ్బరు పైపు తగిలించి, వేలు అడ్డం పెట్టి, పదకొండు మొక్కలనూ ఆపాదమస్తకం రెండు నిమిషాల్లో తడిపేశాడు. పూత సగం రాలింది. మొదళ్ల దగ్గర మట్టి కొట్టుకుపోయి వేర్లు బయటపడ్డాయి.

"ఊరికి నీళ్లు వదిలినట్టు వదిలినారు సార్" అంది దిల్షాద్ బేగం, నొచ్చుకోకుండా. "తప్పినారు. ఇంకో పదైదు దినాలు ఆయమ్మే వస్తాది. నేర్చుకోండి."

చెంగల్రాయుడు ముప్పైమూడేళ్ల సర్వీసులో ఏ కాగితమూ అంత సంతోషంగా అందుకోలేదు. తప్పితే ఆమె వస్తుంది. నెగ్గితే రాదు.

ఆ తర్వాత మూడు రోజుల్లోనే పనంతా నేర్చుకున్నాడు. వేలు ఎంత దింపాలో, నీళ్లు తెల్లవారగానే ఎందుకు పోయాలో, ఎండిపోనిచ్చి ఒక్కసారిగా పోస్తే కాయ ఎందుకు పగులుతుందో, మొదళ్ల దగ్గర వేరుశనగ పొట్టు ఎందుకు పరుస్తారో, అన్నీ వచ్చేశాయి. వచ్చినట్టు మాత్రం బయటపడలేదు. రెండో పరీక్షలో మిట్టమధ్యాహ్నం ఆకుల మీద పోసి చూపించాడు. ఎడమచేతిని జేబులో పెట్టుకున్నాడు. నిజంగానే రాదని నమ్మించాలని, ఆ రోజు నుంచీ రోజూ సాయంత్రం పూట మొక్కకు బకెట్టు చొప్పున కుమ్మరించాడు. వాల్వులు తిప్పినవాడికి నీళ్లకేం కరువు.

"ఇంకొక్క తూరి అవకాశముంది" అంది దిల్షాద్ బేగం. "అప్పుడూ తప్పితే మొక్కలు పీకేసి, పనే లేదని రాసుకుంటాం. పని లేకపోతే మనిషీ రాదు సార్. చెప్పలేదనొద్దు."

ఇంకో పదిహేను రోజులు దొరికాయి కదా అనే ఆయన అనుకున్నాడు.

మర్నాటి నుంచి రెడ్డెమ్మ మట్టిలో వేలు పెట్టడం, తీయడం, చెంబు ఎత్తకుండానే ముందుకు జరగడం మొదలైంది. ఏ మొక్క దగ్గరా పోయాల్సిన అవసరం లేదు. కింది ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. కాయలు పగిలాయి. ఇరవై నిమిషాల పని నాలుగు నిమిషాల్లో అయిపోయేది. పనికి పట్టేంతసేపే ఉండాలి కాబట్టి, నాలుగో నిమిషానికల్లా ఆమె జామచెట్టు పక్కకు వెళ్లిపోయేది. ఆపాలని పోసిన నీళ్లే ఆమెను తొందరగా పంపేస్తున్నాయి. చెంగల్రాయుడు ఇది గమనించేసరికి ఎనిమిది రోజులు గడిచిపోయాయి.

తొమ్మిదో రోజు ఆమె ఏడో మొక్క దగ్గర ఆగింది. మొదలు పట్టుకుని చూస్తే అది మెత్తగా ఊగింది. ఆమె తలెత్తి మొగుడి వైపు చూసింది. కోపమూ లేదు, నవ్వూ లేదు. కానీ ఎవరు పోశారో ఆమెకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది.

"జాస్తి నీళ్లు పోసి మొక్కని నిలబెట్టలేవయ్యా" అంది. "వేరు కుళ్లిపోతాది. దానికి దప్పికైనప్పుడు పొయ్యాల. నీకైనప్పుడు కాదు."

ఆ మాట నిబంధనకు లోబడే ఉంది. దిల్షాద్ బేగం తర్వాత విని కూడా అభ్యంతరం రాయలేదు.

చెంగల్రాయుడు ఆ రోజు నుంచి నీళ్లు ముట్టలేదు. మట్టి ఆరింది. ఏడో మొక్క పోయింది, పది నిలబడ్డాయి. రెడ్డెమ్మకు మళ్లీ పని దొరికింది. పన్నెండు నిమిషాలు, పదిహేను, చివరి రెండు రోజులూ నిండా ఇరవై. ఆయన బండ దిగి వచ్చి, ఆమె పక్కనే వంగి, ప్రతి మొక్క దగ్గరా ఊరికే చూశాడు. ఎన్ని చెంబులని అడగలేదు.

మూడో పరీక్ష ఉదయం ఆరింటికే జరిగింది. చెంబు చేతి నుంచి చేతికి మారాలి, అదీ పద్ధతి. రెడ్డెమ్మ ఇచ్చింది, ఆయన తీసుకున్నాడు. తప్పు చెయ్యడానికి ఇంకా సమయం ఉంది. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుంటే చాలు. ఆయన వంగి, వేలు దింపి చూసి, ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి చెంబు వంచాడు. నీళ్లు చేతి మీద పడినప్పుడు చల్లగా తగిలాయి. ఈ చల్లదనం ఆమెకు ముప్పైఒక్క ఏళ్లు తగిలి ఉంటుంది. తనతో చెప్పుకోవాలనిపించిన రోజు కూడా ఉండే ఉంటుంది. పది మొక్కలకూ ఆయన తలెత్తకుండా పోశాడు.

"కాయ రంగు తిరిగినాక నీళ్లు తగ్గించాల" అంది రెడ్డెమ్మ వెనక నుంచి. "అప్పుడే రుచి."

"సరే" అన్నాడు. వెనక్కి తిరిగేసరికి ఆరూ ఇరవై అయింది.

దిల్షాద్ బేగం బండ మీద ఫారం పరిచి, పేరు, వార్డు, మొక్కల సంఖ్య నింపి, సంతకానికి అందించింది. తొమ్మిదో గడిలో 'ఈ పని ఎలా చేయాలో, చేసే మనిషి బతికుండగా ఎప్పుడైనా అడిగారా?' అని ఉంది. దాని ఎదురుగా 'లేదు' అని అచ్చు వేసి ఉంది.

"ఇది ముందే వేసుండారే మేడమ్" అన్నాడు చెంగల్రాయుడు.

"అందరికీ అదే రాస్తా ఉంటిమి సార్. చెయ్యి నొప్పని అచ్చేయించినారు."

"అడిగినోళ్లు వస్తే?"

"అడిగినోళ్లు మా దగ్గరికి ఎందుకొస్తారు? వాళ్లకు పని వచ్చే ఉంటాది కదా."

ఆయన తడిచేతిని చొక్కాకు తుడుచుకుని సంతకం పెట్టాడు.

దిల్షాద్ బేగం అక్కడి నుంచి పక్కింటికి వెళ్లింది. ఆ ఇంటాయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఆయన భార్యకు ఏ జబ్బూ లేదు, లోపల దోసెలు పోస్తోంది. అదే ఫారం ఇప్పుడే సంతకం పెట్టి ఇచ్చేస్తే రేపెప్పుడైనా ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుందని దిల్షాద్ బేగం చెప్పింది. అదీ నిజమేనని ఆయన పేపరు పక్కన పెట్టకుండానే సంతకం చేసి, ఇంకో దోసె వెయ్యమని లోపలికి కేకేశాడు.