ఎల్బో విరిగింది, అర్జెంట్!

ఇంగ్లీషును తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట! ఒక్క మాటకు రెండేసి అర్థాలేమిటి, మనుషుల్ని తికమక పెట్టడానికా అని సణుగుతారు. అయ్యలారా, అమ్మలారా, ఆ రెండో అర్థమే మస్కట్‌లో కూలివాడికి దేవుడిచ్చిన వరం! నమ్మరా? అయితే వినండి.

మన తెలుగు ఎంత దుబారా భాషో చూడండి. మనిషికుంటే మోచేయి అంటుంది. గొట్టం మలుపులో బిగించే ముక్కకు వేరే పేరు వెతుక్కోమంటుంది. ఇంగ్లీషుకు ఆ ఖర్చు లేదు. రెండూ ఎల్బోలే! వేలికున్న గోరూ నెయిలే, చెక్కలో దిగే మేకూ నెయిలే. మనిషికీ బిల్డింగుకీ ఇంత సమానత్వం ఇంకెక్కడైనా ఉందా?

తొంభై మూడులో మా కంపెనీ మస్కట్ దగ్గరి బౌషర్‌లో ఫ్లాట్లు కడుతుండేది. ఆ సైట్‌లో నేను టైమ్‌కీపర్‌ని. ఆర్మూరు నుంచి వచ్చిన లింబాద్రి పైపులు బిగించేవాడు. ఒక ఉదయం నిచ్చెన జారి కాంక్రీటు మీద పడ్డాడు. మోచేయి చూడలేనంతగా పక్కకు తిరిగిపోయింది.

"అవ్వో! నా చెయ్యి పాయెరో!" అని ఒకటే అరుపు.

ఫోర్‌మన్ ఇక్బాల్ వైర్‌లెస్ అందుకుని, రుసైల్‌లోని స్టోర్‌కు చెప్పాడు. "ఎల్బో బ్రోకెన్! అర్జెంట్! గాడీ భేజో!"

స్టోర్ చూసేది కడప ఖాదర్‌వలి. పైపు పగిలి పని ఆగిపోతుందంటే కంపెనీ ఊరుకుంటుందా? వ్యాన్ వెంటనే బయల్దేరింది. అందులో పెట్టె నిండా సరికొత్త ఎల్బోలు! అరంగుళంవి, ముప్పావంగుళంవి, అంగుళంవి! లింబాద్రి చేతికి ఏ సైజు పడుతుందో చూసుకోవడమే తరువాయి.

ఆ వేళకు పంపులు బిగించడానికి వచ్చిన చైనా ఇంజనీరు స్టోర్‌లోనే ఉన్నాడట. పాపం, ఇంగ్లీషు కొత్త. జేబులో చిన్న డిక్షనరీ పెట్టుకుని తిరిగేవాడు. వైర్‌లెస్‌లో మాట విని, "ఎవరి ఎల్బో?" అని అడిగాడట. స్టోరంతా ఘొల్లుమంది. పైపును పట్టుకుని ఎవరిదని అడుగుతాడేమిటి! కానీ ఆయన డిక్షనరీలో మనిషి మోచేయి ముందుంది, పైపు తర్వాత వచ్చింది. మా కంపెనీలో ఆ వరస తిరగబడిందని ఆయనకెలా తెలుస్తుంది? నవ్వేవాళ్లను నవ్వనిచ్చి, ఆయనా వ్యాన్ ఎక్కేశాడు.

సైట్‌కు రాగానే డ్రైవర్ పెట్టె దింపి బండి తిప్పబోయాడు. సామాను బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని మేనేజర్ ఆర్డరు. చైనా ఆయన బండికి అడ్డం నిలబడ్డాడు. లింబాద్రిని పొదివి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను వెనకెక్కాడు.

ఆసుపత్రిలో నర్సు మణికుమారి, నరసాపురం ఆవిడ. "ప్లాస్టర్ వేస్తారు బాబూ, కదలకుండా కూర్చో" అంది.

లింబాద్రి బెదిరిపోయాడు. "ప్లాస్టర్ గోడలకు గదమ్మా ఏస్తరు? నాకెందుకు?"

"ఈ ప్లాస్టర్ నీకేనయ్యా! ఇంకాస్త ఆలస్యమైతే ఈ చేత్తో అన్నం ముద్ద నోటికెత్తేవాడివి కాదు, తెలుసా?"

చూశారా? పైపనుకున్నారు కాబట్టి బండి వచ్చింది. బండి వచ్చింది కాబట్టి చెయ్యి దక్కింది!

కొన్నాళ్లకు మా సైట్‌లోనే ఇటుకలు మోసే నర్సయ్య పాదం మీద సిమెంటు బ్లాకు పడింది. ఈసారి ఇక్బాల్, పొరపాటు జరక్కూడదని, మనిషికి దెబ్బ తగిలిందని విడమరిచి చెప్పాడు. వైర్‌లెస్‌లో మేనేజరే జవాబిచ్చాడు. బండి ఖాళీ లేదు, డ్యూటీ అయ్యాక చూద్దాం అన్నాడు. స్పష్టంగా మాట్లాడితే ఇదే గతి!

"గింత నెత్తురు పోతున్నది. డ్యూటీ అయ్యేదాక నేనుంటనా సారూ?" అన్నాడు నర్సయ్య.

ఆ రోజు సైట్‌లోనే పంపు బిగిస్తున్న చైనా ఆయన వైర్‌లెస్ లాక్కున్నాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా పేర్చి అన్నాడు. "ఎల్బో. బ్రోకెన్. వాటర్ లీకింగ్."

టీ చల్లారేలోపు వ్యాన్ వచ్చింది!

అప్పట్నుంచి మా సైట్‌లో అదే పద్ధతి. పక్కటెముక విరిగినా ఎల్బోయే. తేలు కుట్టినా ఎల్బోయే. ఎండకు సొమ్మసిల్లి పడినా ఎల్బోయే! లోకంలో మా సైట్‌లో విరిగినన్ని ఎల్బోలు ఇంకెక్కడా విరిగుండవు.

ఒకరోజు మేనేజర్ వచ్చి, విప్పని ఎల్బో పెట్టెల గుట్ట చూశాడు. ఆయనేం తక్కువ తెలివైనవాడా? క్షణాల్లో పరిష్కారం కనిపెట్టాడు. స్టోర్‌లో మిగిలిన ఎల్బోలన్నీ మూటగట్టించి సైట్‌లోనే పడేయించాడు. "ఇక ఎల్బో కోసం బండి రాదు" అని ప్రకటించి కారెక్కాడు.

లింబాద్రి కట్టు విప్పిన చేతిని నిమురుకుంటూ కూలబడ్డాడు. చైనా ఆయన డిక్షనరీ తిరగేస్తున్నాడు. అంతలో వైర్‌లెస్‌లో ఖాదర్‌వలి గొంతు గుసగుసగా వినిపించింది.

"ఒరే అప్పా, ఇంగ మీద జాయింట్ పోయిందని చెప్పండి. జాయింట్లన్నీ ఈడ నా తాళం కిందనే పెట్టుకున్యా. సైటుకు ముందుగా ఒక్కటి గూడా పంపను. అడిగిన యాళకు బండి పంపిచ్చాల్సిందే!"

కాబట్టి మహాజనులారా, ఇంగ్లీషును తిట్టకండి. ఆ భాషకు ఒక్కటే లోటు. 'మ్యాన్' అనే మాటకు కూడా స్టోర్‌లో దొరికే సామాను అర్థం ఒకటుంటే, మాకు ఇంకేమీ విరగాల్సిన పని ఉండేది కాదు. మనిషి పడ్డాడంటే చాలు, బండి వచ్చేసేది!