సర్వర్‌కి ఐదు నిమిషాల టైమ్

కరెంటు కోతను తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కరెంటు పోవడం ఒక వరమండీ, వరం!

మీరు నమ్మరు. సీరియల్ సగంలో ఆగిపోయిందనో, మోటారు నడవక ట్యాంకు ఎండిపోయిందనో కరెంటాఫీసు వాళ్ళ ఏడు తరాలనూ తలుచుకుంటూ ఉంటారు. ఒక్కసారి చల్లగా ఆలోచించండి. కరెంటు ఉన్నంతసేపూ ఎవరి గదిలో వాళ్ళం. కరెంటు పోయిందా, చిక్కడపల్లి మొత్తం విసనకర్రలు పట్టుకుని వాకిట్లోకొస్తుంది! ఎదురింట్లో ఏం కూరో, పక్కింటి అబ్బాయికి లెక్కల పేపరు ఎన్నోసారి మిగిలిందో మనకు తెలిసేది ఆ అరగంటలోనే కదా?

అయినా నేనింత గట్టిగా వాదించడానికి కారణం సమాజసేవ కాదు, స్వార్థం. లోకంలో అందరికీ కరెంటు ఉంటే పని. నాకు కరెంటు పోతేనే పని! ఇంటికి బియ్యం తెచ్చిపెట్టింది ఆ కోతే.

అశోక్ నగర్‌లో గ్రూప్ పరీక్షల కోచింగ్ సెంటర్ ఒకటుంది. మూడో అంతస్తు, నలభై రెండు మెట్లు. అక్కడ నేను సిస్టమ్స్ ఇన్‌చార్జిని. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు చిక్కడపల్లిలో టైపు నేర్పాను. టైపు మిషను ఎండలోనూ వానలోనూ, కరెంటు ఉన్నా లేకపోయినా టకటకలాడేది. తొంభై నాలుగులో మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చాయి. వాటితోపాటు నేనూ మారాను. కీబోర్డు ఒకటే కదా అని ధైర్యం!

మా గదిలో సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ ఉంటుంది. నాలుగు వందల మంది అభ్యర్థుల మాక్ టెస్టు మార్కులు దాని కడుపులోనే. కరెంటు పోయినప్పుడు అది ఠక్కున ఆరిపోకూడదు. ఫైళ్ళు ఒక్కొక్కటే మూసి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాలి. అందాకా దానికి ఊపిరి పోసేది పక్కనున్న బ్యాటరీ డబ్బా, యూపీఎస్. అది పది నిమిషాలు మోస్తుంది. మోసినంతసేపూ కీ... కీ... కీ... అని ఏడుస్తుంది.

ఆ ఏడుపు ఎక్కడున్నా విని, పరుగెత్తుకొచ్చి సర్వర్‌ని పడుకోబెట్టడమే నా ఉద్యోగం. బోర్డు మీద ఇన్‌చార్జి అని ఉంది గానీ, చేసేది ఆయా పని.

ఆ యూపీఎస్ వచ్చిన రోజు సంగతి చెప్పాలి. మా మెట్ల కిందే ఒక టిఫిన్ హోటల్ ఉంది. డబ్బా మోసుకొచ్చిన కంపెనీ మనిషి నేరుగా అందులోకి వెళ్ళి, "ఇక్కడ సర్వర్ ఎక్కడ?" అని అడిగాడు. ఇడ్లీ ప్లేట్లు పట్టుకున్న కృష్ణయ్య, "నేనే సర్వర్‌ను, చెప్పు" అన్నాడు. పాపం, అతనిదేం తప్పు? ఇరవై ఏళ్ళుగా అందరూ అతన్ని పిలిచేది ఆ పేరుతోనే!

వచ్చినవాడు ఇంకేమీ అడక్కుండా కాగితం మీద సంతకం చేయించుకుని, డబ్బా విప్పి, "సర్వర్ ఉన్నట్టుండి పడిపోకుండా ఇది చూసుకుంటదన్నా" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను దిగివచ్చేసరికి యూపీఎస్‌కు చట్నీ గ్రైండరు తగిలించి ఉంది. కృష్ణయ్య కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఇరవై ఏండ్ల సంది ఈ మెట్లెక్కి చాయ్‌లు మోస్తున్న సారూ. నేను పడిపోతనని ఇంతవరకు ఎవ్వనికి ఫికర్ లేకుండె" అన్నాడు.

అది నీకు కాదయ్యా, పైనున్న మిషనుకు, అని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. అతను ఏమీ అనుకోలేదు. పైగా డబ్బాను తనే భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కించాడు. అప్పట్నుంచి మేమిద్దరం దోస్తులం.

ఇక నా విధినిర్వహణ వినండి. కరెంటుకు వేళాపాళా లేదు కాబట్టి నా చెవులకూ లేదు. కాచిగూడలో పెళ్ళికెళ్ళి పంక్తిలో కూర్చున్నాను. పక్కాయన చేతి గడియారం కీక్ మంది. విస్తరి ముందు నుంచి లేచి మండపం దాటేశాను! నారాయణగూడ చౌరస్తాలో ఒక కారు వెనక్కి వెళుతూ కీకీ అంటే, దాని ఎదురుగా పరుగెత్తాను. ఇంట్లో మా ఆవిడ మనోరమ అలారం గడియారాన్ని బీరువాలో దాచేసింది.

"పిల్లలు ఏడ్చిననాడు ఒక్కదినమన్న ఇట్ల ఉరికినవా?" అని అడిగింది. 

ఇంత నిష్ఠలోనూ ఒకరోజు తప్పు జరిగింది. కృష్ణయ్య ఇచ్చిన చాయ్ మరీ వేడిగా ఉంది. ఊదుకుంటూ కూర్చున్నాను. పైన కీకీ వినిపిస్తూనే ఉంది, ఇంకో గుక్క అనుకున్నాను. నేను నలభై రెండో మెట్టు ఎక్కేసరికి ఏడుపు ఆగిపోయింది. సర్వర్ పోయింది. నాలుగు వందల మంది మార్కులూ పోయాయి! ఆ వారమంతా ర్యాంకులే లేవు. మా సెంటర్‌లో అందరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నది ఆ ఒక్క వారమే.

నవ్వనిది మా యజమాని విద్యాసాగర్ గారు ఒక్కరే. ఆయన నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. గౌరవం తెలిసిన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచరు.

"మాస్టరు గారూ, ఇంకొక్కసారి డేటా పోయిందనుకోండి, దానెంబడి మీరు గూడ పోతరు" అన్నారు చాలా మెత్తగా.

యాభై ఒక్కేళ్ళ వయసులో నడివీధిన పడితే, టైపు తప్ప ఏమీ రాని నేను ఎక్కడికి పోతాను చెప్పండి? భయం పట్టుకుంది. ఆ భయంలోనే యూపీఎస్‌తో వచ్చిన పుస్తకం మొదటిసారి తెరిచాను. అందులో ఒక అద్భుతం ఉంది! డబ్బా వెనక నుంచి సర్వర్ వెనక్కి ఒక సన్నటి కేబుల్ పెట్టి, ఒక ప్రోగ్రాం ఎక్కిస్తే చాలట. కరెంటు పోయిందని డబ్బా సర్వర్‌తో తానే చెబుతుంది. సర్వర్ రెండు నిమిషాలు ఓపిక పడుతుంది. అప్పటికీ కరెంటు రాకపోతే తన మీద ఆధారపడ్డ కంప్యూటర్లకు ఐదు నిమిషాల టైమ్ ఇస్తుంది. ఎవరి పని వాళ్ళు దాచుకున్నాక, తన ఫైళ్ళు మూసుకుని తనంతట తానే పడుకుంటుంది. కరెంటు రాగానే ఎవరూ లేపకుండానే లేస్తుంది!

నాలుగు రోజులు తిండి మానేసి కుస్తీ పట్టాను. ఆ ఐదు నిమిషాల ముందు తెరల మీద కనిపించే కబురు కూడా నేనే రాశాను. "దయచేసి మీ పని భద్రపరచుకోండి. తొందర లేదు. ఇంకా ఐదు నిమిషాలున్నాయి" అని ఇంగ్లీషులో, మంచి మర్యాదగా. యంత్రమైనా మాటతీరు ముఖ్యం కదా!

శనివారం మధ్యాహ్నం విద్యాసాగర్ గారి ముందు పరీక్ష పెట్టాను. మెయిన్ స్విచ్ కట్టేసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. కీ... కీ... అని అది ఏడుస్తుంటే నా చేతులు కీబోర్డు మీదికి వెళ్ళిపోతున్నాయి, బలవంతాన చంకల్లో నొక్కిపెట్టాను. రెండు నిమిషాలు. కబురు వచ్చింది. ఐదు నిమిషాలు. ఫైళ్ళు మూసుకున్నాయి. సర్వర్ నిశ్శబ్దంగా పడుకుంది. స్విచ్ వేయగానే లేచి కూర్చుంది, ఒక్క మార్కు కూడా పోలేదు.

"శభాష్ మాస్టరు గారూ! అంటే ఇగ దీనికి మనిషి అక్కర్లేనట్టేనా?" అన్నారాయన.

చూడండి, ఇక్కడే నా తెలివంతా బయటపడింది. ఛాతీ విరుచుకుని ఏమన్నానో తెలుసా?

"మనిషా! మనిషి దీన్ని ముట్టుకోనే కూడదు సార్. మనిషైతే చాయ్ తాగుతూ కూర్చుంటాడు!"

ఆయన తల ఊపారు.  ఆ తర్వాత అంతే మెత్తగా, "అయితే మీరు సోమవారం నుంచి రాకున్నా నడుస్తది" అన్నారు.

డేటా పోతే నేను పోతానన్నారు. డేటా పోలేదు, నేను ఒక్కణ్ణే పోయాను! ఒక్క నెల టైమ్ ఇవ్వమని అడగబోయాను గానీ, ఆయన అప్పటికే ఫోన్లో మాట్లాడుతున్నారు. నా సొరుగులో కళ్ళజోడు పెట్టె, సగం వాడిన జెండూబాం ఉన్నాయి. అవి జేబులో వేసుకుని దిగొచ్చాను. ఇంట్లో మనోరమకు ఇంతవరకు చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకునే బయల్దేరుతున్నాను.

ఎక్కడికంటారా? ఈ హోటల్‌కే. మూల బల్ల దగ్గర కూర్చుని కరెంటు కోత గొప్పదనం గురించి మీకీ వ్యాసం రాస్తున్నాను. వాదన ఇప్పటికీ అదే. కోత వరమే! నేనే ఆ వరాన్ని తీసుకెళ్ళి, ఒక కేబుల్ చేతిలో పెట్టి వచ్చాను.

ఈ ముక్క రాస్తుండగానే కరెంటు పోయింది.

పైన కీ... కీ... కీ...

కలం కింద పడింది. నాకు తెలివి వచ్చేసరికి ఎనిమిదో మెట్టు మీదున్నాను. కింద కృష్ణయ్య ట్రే పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"సారూ, మిషన్‌కు నేర్పినవ్ గని నీ కాళ్ళకు నేర్పుడు మర్శినవ్. దిగు, దిగు."

సిగ్గుపడుతూ దిగి బల్ల దగ్గర కూర్చున్నాను. చెవులు మాత్రం పైనే ఉన్నాయి. రెండు నిమిషాలయ్యాయి. ఇప్పుడు తెరల మీద నా మాటలు కనిపిస్తుంటాయి, తొందర లేదు అని. సరిగ్గా ఏడో నిమిషంలో అంతా అయిపోయి ఉంటుంది. తప్పు లేకుండా పడుకుని ఉంటుంది. నాకు గర్వంగానే ఉంది.

ఇంకాసేపటికి కరెంటొచ్చింది. గ్రైండరు తిరిగింది, ఫ్యాను తిరిగింది, పైన సర్వర్ తనంతట తానే లేచి ఉంటుంది. బల్ల కోసం నలుగురు గుమ్మంలో నిలబడ్డారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటల్ సేటు నా వైపు చూసి కృష్ణయ్యకు కళ్ళతోనే ఏదో చెప్పాడు.

కృష్ణయ్య వచ్చి, ఇంకో చాయ్ నా ముందు పెట్టాడు. బల్ల తుడుస్తూ వంగి, మెల్లగా అన్నాడు.

"గిరాకి నిలబడ్డది సారూ, లెవ్వాలె. జల్దీ ఏం లేదు, ఐదు నిమిషాలు తీస్కో. చాయ్ తాగి లెవ్వు."

ఆఖరికి నాకు ఐదు నిమిషాల టైమ్ ఇచ్చింది సర్వరే.