కిమ్చీ ఫ్రిజ్‌లో పూలచెట్టు

రిటైరైన బస్సు డ్రైవరు మన్‌గీ ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. భార్య ఒక్‌బున్ బజారుకు వెళ్ళగానే, కిమ్చీ, అంటే ఊరబెట్టిన క్యాబేజీ పచ్చడి, పెట్టుకునే ఫ్రిజ్ అడుగున దాచిన తన డబ్బాను బయటికి తీయడం. అందులో తడి ఇసుకలో కలిపిన పూల ఆపిల్ విత్తనాలున్నాయి. మూడు నెలలు చలిలో పెడితేగాని అవి మొలకెత్తవు. ఈ చుంగ్‌జు ఊరికి కాపురానికి వచ్చిన ఏడాది ఇద్దరూ కలిసి అపార్టుమెంటు గేటు దగ్గర నాటిన చెట్టువి. పార్కింగు కోసమని ఆ చెట్టును నిరుడు కొట్టేశారు. ఇక దాని ఆనవాలంటూ మిగిలితే ఆ డబ్బాలోనే.

ఫ్రిజ్ తెరిస్తే డబ్బా లేదు. అసలు డబ్బాలే లేవు. పాత కిమ్చీనంతా ఒక్‌బున్ పొద్దున్నే పదకొండు ఇళ్ళకు పంచేసింది. తన కిమ్చీ పక్కన మొగుడు ఇసుక పెట్టాడని తెలిస్తే ఆవిడ ఊరుకునే రకం కాదు. గబగబా దిగి కింది ఇంటి సూన్‌రే తలుపు కొట్టాడు.

"అమ్మాయ్, మీ వదిన ఇచ్చిన డబ్బా ఒకసారి ఇస్తావా?"

"ఎందుకన్నయ్యగారూ?"

నోటికొచ్చింది అనేశాడు. "అదీ... రుచి కాస్త తేడాగా ఉందమ్మా."

సూన్‌రే అప్పటికే రెండు ముక్కలు తిని ఉంది. ఆవిడ పక్కింటికి చెప్పింది, పక్కింటావిడ అపార్టుమెంటు ఆఫీసుకు ఫోను చేసింది. పావుగంటలో ఇంటింటి గోడమీది స్పీకరూ మోగింది. "ఏడో అంతస్తు ఒక్‌బున్ గారి కిమ్చీ తిన్నవారిలో కడుపునొప్పి ఉన్నవారు వెంటనే ఆఫీసులో తెలపగలరు."

ముగ్గురికి నొప్పి మొదలైంది. వాళ్ళలో ఒకాయనకు అసలు డబ్బాయే అందలేదు.

కాసేపట్లో పదకొండు డబ్బాలూ పట్టుకుని ఇరుగుపొరుగంతా కింద లిఫ్టు ముందు చేరింది. మన్‌గీ మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్కటే మూత తీశాడు. అన్నింటిలోనూ కిమ్చీయే. తల ఎత్తితే ఎదురుగా బజారు సంచితో ఒక్‌బున్. ముప్పై ఏళ్ళలో ఆవిడ కిమ్చీకి వంక పెట్టినవాళ్ళు లేరు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసేసరికి మన్‌గీకి ప్రాణం ఉసూరుమంది.

"కిమ్చీకేం కాలేదు. తేడా నాలోనే ఉంది," అంటూ ఇసుక సంగతంతా అందరి ముందూ కక్కేశాడు.

ఒక్‌బున్ కళ్ళు తుడుచుకుంది. "ఆ డబ్బా నేను చూడలేదనుకున్నారా? మొలకలొచ్చాయని ఇరవై రోజుల కిందటే బాల్కనీలో కుండీల్లో వేశాను. ఎన్నాళ్ళు దాస్తారో చూద్దామని ఊరుకున్నా. ఎడమవైపు వరస."

మన్‌గీ చేతిలో మూత పట్టుకునే లేచాడు. "ఎడమవైపు మిరప నారు కదా?"

"మిరప కుడివైపు. ఏం?"

ఏమిటంటే, నిన్న సాయంత్రం సూన్‌రే మిరప నారు అడిగితే, పెద్దమనసు చేసుకుని ఎడమవైపు వరసంతా ఎత్తి ఇచ్చేశాడు. మెల్లగా సూన్‌రే వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ కుండీలు ఒకసారి..."

సూన్‌రే పొట్ట పట్టుకునే అడిగింది. "ఏమన్నయ్యగారూ, వాటి రుచి కూడా తేడాగా ఉందా?"

అయినా తిరిగి ఇచ్చింది, ఒక్క కుండీ తప్ప. ఆరేళ్ళకు అన్నిటికంటే ముందు పూసింది అదే, సూన్‌రే బాల్కనీలో.