గుయ్యిమనే గిటారు

శనివారం పొద్దున పళ్ళు తోముకుంటూనే హెన్రీ ఆ రోజు పని ఖాయం చేసుకున్నాడు. సాయంత్రంలోగా ఆ గుయ్యిమనే మోతను వదిలించుకోవాలి. లేకపోతే రేపటి నుంచి చర్చిలో అతని గిటారుకు చోటు లేదు. పాస్టర్ జాన్‌బాబు గారు మెత్తగానే చెప్పారు. ఎంత మెత్తగా చెప్పినా మాట మాటే.

"బ్రదర్ హెన్రీ, పోయిన వారం మౌన ప్రార్థనలో మీ స్పీకరు ఒక్క క్షణం కూడా మౌనంగా లేదు. ఈ వారం కూడా ఇలాగే అయితే ఇక కీబోర్డుతోనే సరిపెట్టుకుందాం."

తప్పంతా ఒక చిన్న ఇనప పెట్టెది. కాలితో నొక్కితే గిటారు శబ్దాన్ని పెద్ద హాల్లో మోగినట్టు మార్చే పెడల్ అది. హార్బర్లో లంగరేసిన ఓడలో వంటవాడొకడు దాన్ని హెన్రీకి అమ్మి, మర్నాడు ఓడతో పాటు వెళ్ళిపోయాడు. దానికి కరెంటిచ్చే అడాప్టర్ ఇవ్వడం మరిచాడో, కావాలనే మరిచాడో అడుగుదామంటే మనిషి ఈపాటికి సింగపూర్ దాటేసి ఉంటాడు. పూర్ణా మార్కెట్లో కొన్న అడాప్టర్ తగిలిస్తే పెట్టె పనిచేసింది, దాంతోపాటు స్పీకరు కూడా గుయ్యిమంది. షాపుకెళ్ళి అడిగితే, "గుయ్యిమనకపోతే కరెంటొస్తందని మీకెలా తెలుస్తాదండీ?" అన్నాడు షాపతను.

హెన్రీకి నలభై అయిదేళ్ళు. పెళ్ళి కాలేదు. తల్లి పోయి రెండేళ్ళయింది. పోర్టులో కాటా దగ్గర లారీల బరువులు చదివి చెప్పడం ఉద్యోగం కాబట్టి, రోజంతా అతని నోట్లోంచి వచ్చేవి టన్నులూ కిలోలే. జ్ఞానాపురంలో ఇంటికొచ్చి తాళం తీస్తే పలకరించే దిక్కు ఉండదు. ఆదివారం పాటల జట్టులో పదిమంది పక్కన నిలబడే ఆ కాసేపటి కోసమే మిగతా వారమంతా గడిపేవాడు. ఆ చోటు కూడా పోతుందంటే అతనికి నిజంగానే భయం వేసింది.

ఫారిన్ అడాప్టర్లు మోత చెయ్యవని ఆఫీసులో ఎవరో అన్నారు. వీధిలో ఫారిన్ సరుకు రెండిళ్ళలో ఉంది. పక్కింటి దీవెనమ్మ రిటైరైన నర్సు, ఆవిడ కార్డ్‌లెస్ ఫోను తమ్ముడు మస్కట్ నుంచి తెచ్చాడు. ఎదురింటి కోటికి చేపల బోటుంది, సముద్రం కబుర్లు వినే రేడియో ఉంది. హెన్రీ ఇద్దరి దగ్గరా అడాప్టర్లు అడిగి తెచ్చుకున్నాడు. "పొద్దుగూకేలోపల ఇచ్చీవాల," అన్నారు ఇద్దరూ.

అయితే ఒక చిక్కుంది. ఆ రెండు అడాప్టర్లకూ పిన్ను మధ్యలో ప్లస్సు, పెడల్‌కు మధ్యలో మైనస్సు కావాలి. హెన్రీ వైర్లు కోసి, ప్లస్సును మైనస్సుకు, మైనస్సును ప్లస్సుకు మార్చి కలిపి, నల్ల టేపు చుట్టాడు. మొదటిది తగిలిస్తే మోత కాస్త సన్నబడింది. రెండోది తగిలిస్తే మోతకు తోడు టిక్కుటిక్కుమని ఇంకో చప్పుడు వచ్చింది. చీకటి పడబోతోంది. అతను నీరసంగా రెండూ పట్టుకెళ్ళి ఎవరివి వాళ్ళకిచ్చేసి, వచ్చి మంచం మీద పడ్డాడు.

పావుగంటకే వీధిలో కేకలు లేచాయి.

"ఓరి హెన్రీ! నా ఫోనుకి మాట పడిపోనాదిరా!" అంటూ దీవెనమ్మ వచ్చింది.

వెనకే కోటి పరిగెత్తుకొచ్చాడు. "బావా, నా రేడియో పొగొదిలి సచ్చిపోనాది! ఆవిడ ఫోనూ పోయిందంతన్నాది. లైన్లో కరెంటుకి పిచ్చెక్కినాది!"

హెన్రీకి విషయం అప్పుడు వెలిగింది. వైర్లు తిరిగి మార్చలేదు. నోరు తెరిచాడు గానీ కోటి అప్పటికే వీధి మధ్యకెళ్ళి అరుస్తున్నాడు. "ఎవులూ సిచ్చులెయ్యకండి! మెయిన్లు దించీయండి!" ఒక్కొక్క ఇల్లే చీకటైపోయింది. జనం అరుగుల మీదికొచ్చారు. కోటి పెళ్ళాం చిట్టమ్మ, "ఫ్రిజ్జులో సేపలేటైపోతాయిరా దేవుడా," అని శోకం అందుకుంది. కాసేపటికి మగాళ్ళంతా లుంగీలు ఎగ్గట్టి కరెంటాఫీసు మీదికి బయల్దేరారు. "ఆ లైన్‌మేన్‌ని పట్టుకొచ్చీద్దాం, పదండి!"

పాపం, ఆ లైన్‌మేన్ ఎవరో, ఇంట్లో అన్నం తింటున్నాడేమో. హెన్రీ ఇక ఉండబట్టలేక అడ్డం వెళ్ళాడు.

"ఆగండి బావా. కరెంటు తప్పేటీ లేదు. నానే వైర్లు తిరగేసినాను. మళ్ళా మార్చడం మర్సిపోనాను."

కోటి సరాసరి హెన్రీ ఇంట్లోకెళ్ళి పెడల్ పట్టుకొచ్చాడు. "ఈ డబ్బా కోసమా మా కొంపలు కాల్సినావు?" అని నేలకేసి కొట్టడానికి ఎత్తాడు. ఎత్తిన ఊపుకి అడుగున మూత ఊడి పడింది. కోటి టార్చి వేసి చూశాడు. "ఇదేటి బావా, బ్యాటరీ పెట్టుకునే అరలాగున్నాది?"

వీధి వీధంతా హెన్రీ వైపు చూసింది. బ్యాటరీ వేస్తే అసలు అడాప్టరే అక్కర్లేదు. పెట్టె అడుగు తిప్పి చూడాలని అతనికి ఒక్కనాడూ తోచలేదు.

ఆదివారం హెన్రీ బ్యాటరీ వేసుకుని చర్చికెళ్ళాడు. మౌన ప్రార్థన మౌనంగా జరిగింది. తర్వాత పాట మొదలైంది. ఇన్నాళ్ళూ మొదట జట్టు గొంతుల చాటున, తర్వాత మోత చాటున దాక్కున్న తప్పులన్నీ ఒకటొకటిగా బయటికొచ్చాయి. రెండో చరణానికి జట్టువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మూడో చరణం పాడకుండానే పాట ముగించారు.

"మోత పోయింది బ్రదర్, దేవునికి స్తోత్రం," అన్నారు పాస్టర్ గారు. కాస్త ఆగి, "మీ గిటారు మాకు ఇవాళే వినబడింది. కొన్నాళ్ళు ఇంట్లో సాధన చెయ్యండి," అన్నారు.

హెన్రీ పెడల్ సంచిలో వేసుకున్నాడు. గిటారు భుజాన వేసుకుని నడుస్తుంటే ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళాలని లేదు, వెళ్ళడానికి ఇంకో చోటూ లేదు.

ఇంటి మెట్టు మీద దీవెనమ్మ కూర్చుని ఉంది. "ఎంతసేపురా! తమ్ముడు మస్కట్‌నించి ఫోన్ సేత్తాడు. నీ ఫోను నంబరిచ్చీసినాను, తలుపు తియ్యి." సాయంత్రం కోటి వచ్చాడు. ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు. "రేపు ఏటకెల్లాల. నీ రేడియో పెట్టు, గాలెలాగుందో వార్తల్లో సెప్తాడు." కబుర్లయ్యాక వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాడు. మర్నాడు దీవెనమ్మ ఫోను కోసం వస్తూ గిన్నెలో పులుసు తెచ్చింది. ఆ వారమంతా హెన్రీ ఇంటి తలుపు సరిగ్గా మూసిందే లేదు.

హెన్రీ రిపేరుకిచ్చిన వాళ్ళ ఫోనూ రేడియో ఆ శనివారానికే బాగుపడి వచ్చేశాయి. హెన్రీ రెంటినీ అల్మరా మీద, వెనక్కి తోసి పెట్టాడు. ఎవరడిగినా, "పార్టు దొరకలేదంట," అని చెప్పాడు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం, ఫోను కోసం కూర్చున్న దీవెనమ్మ ఊరికే ఉండలేక పాత గుడ్డొకటి తీసుకుని స్టూలెక్కింది. హెన్రీ కుర్చీలోంచి సగం లేచాడు. ఆవిడ ఫోను తుడిచింది. రేడియో తుడిచింది. రెంటినీ ఉన్నచోటే, ఇంకాస్త వెనక్కి పెట్టి దిగింది.

"పార్టు రాలేదేటిరా ఇంకా?"

"లేదక్కా."

"తొందరేట్లేదు. ఈ ఊర్లో పార్టులు దొరకడం కష్టమే."

అప్పటినుంచి ఆ అల్మరా మీద దుమ్ము తుడిచే పని దీవెనమ్మే చూసుకుంటోంది.