ఎవరూ అనకముందే

సంచిలో రెండు చొక్కాలు పెట్టి, మూడోది పెట్టాలా వద్దా అని ఆవిడ ఆగింది.

"మాయమయ్యేది రెండ్రోజులేనే. మూడోది దేనికి?" అన్నారు భర్త.

"మాయమైన మనిషి మాసిన చొక్కాతో ఉండాలా ఏం?" అంటూ ఆవిడ దాన్నీ కుక్కి, పైన బీపీ మాత్రలు పెట్టింది.

ఆయన ప్రభుత్వంవారి వదంతుల శాఖలో సీనియర్ రచయిత. ఆ శాఖ పనితనం మెచ్చుకోవలసిందే. పుకారు పుట్టించడం ఏ దద్దమ్మయినా చేస్తాడు. వీళ్ళు ఆ పని చేయరు. ఎవరూ అనకముందే ఖండిస్తారు.

కొత్త వంతెన నదిలో కూలింది. కట్టింది మంత్రిగారి బావమరిది. జనం ఆ పేరు ఎత్తబోయేంతలో మంత్రిగారు మైకు పట్టుకుని, "నది అడుగున రహస్య నగరం ఉందనీ, వంతెనను ఆ నగరవాసులే లాగేశారనీ సాగుతున్న దుష్ప్రచారాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం" అని గర్జించారు. అప్పటిదాకా అలాంటి ప్రచారమే లేదు. సాయంత్రానికి ఊళ్ళో మరో మాట లేదు. బావమరిదిని చూసి జనం జాలిపడ్డారు కూడా.

శాఖ డైరెక్టరు గారికి అదీ చాలలేదు. నగరం గుట్టు తెలిసిన ఉద్యోగి ఒకడు మాయమైతే బలంగా ఉంటుందన్నారు. ఆవిడ భర్తే సంచి పుచ్చుకుని గెస్టుహౌసులో మాయమయ్యారు. ఎవరూ మాయం కాలేదని మంత్రిగారు వెంటనే ఖండించారు.

అన్నమాట ప్రకారం రెండ్రోజులకు ఇల్లు చేరారు. అన్నం ముట్టలేదు.

"టార్చి ఎక్కడుందే?"

"కరెంటు ఉందిగా!"

"నదిలో దిగాలి. నగరం చూడాలి."

"అది మీరు కల్పించిందే కదండీ! ఈ బల్ల మీదే కూర్చుని రాశారు!"

"రాశాను. ఏమీ లేనిదే మంత్రిగారు అంత గట్టిగా ఖండిస్తారా?"

"ఆ ఖండనా మీరు రాసిందే!"

ఆయన గొంతు తగ్గించారు. "అదే చెబుతున్నా. ఇంతమంది ఉండగా నా చేతే ఎందుకు రాయించినట్టు?"

ఆవిడ చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా డైరెక్టరు దగ్గరికి పరుగెత్తింది. "బాబూ, మా ఆయనకి ఈత రాదు. అంతా అబద్ధమని ఒక్కమాట చెప్పండి."

"ఖండిస్తే ఇంకా నమ్ముతాడమ్మా. మా అందరిలోకీ నికార్సయిన మనిషి."

"పోనీ, నిజమేనని చెప్పండి! అప్పుడైనా నమ్మడేమో."

డైరెక్టరు ఉలిక్కిపడ్డారు. "నిజాలు మా పరిధిలోకి రావు. దానికి వేరే శాఖ ఉండేది."

"అదెక్కడ?"

"పనిలేక ఎత్తేశారు."

ఆవిడ తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది.

శాఖ ఎన్నడూ లేనంత విజయం సాధించింది. నగరం చూడాలని జనం ఏటి గట్టున కిక్కిరిశారు. వాళ్ళ సౌకర్యార్థం నదిలోకి మెట్లు కట్టే కాంట్రాక్టు బావమరిదికి దక్కింది. అందులో బంధుప్రీతి ఉందన్న ఆరోపణను, ఎవరూ చేయకముందే, మంత్రిగారు ఖండించారు.

మెట్లు కట్టకముందు, వంతెన కూలిన వారంలోనే, మంగళవారం మధ్యాహ్నం, ఆవిడ భర్త టార్చితో నదిలో దిగారు. తిరిగి రాలేదు.