మా మనవరాలి దగ్గు వల్ల లాభాలు

పసిపిల్లల దగ్గును రోగమనేవాళ్ళు ఒట్టి అజ్ఞానులు! ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల మూడు నెలలు ఆగకుండా దగ్గితే ఎన్ని లాభాలో నన్నడగండి, చెబుతాను. పిడుగురాళ్లలో ఈ విషయం మీద నాకున్నంత అనుభవం ఇంకెవరికుంది?

మొదటిది, అలారం ఖర్చు లేదు. మా మనవరాలు దేవిక తెల్లారి ఐదింటికల్లా అందుకుంటుంది. మా బట్టీల్లో కూలీలు కూడా ఆ దగ్గుకే లేస్తారని వినికిడి. అవునండీ, ఇంటి వెనక వరసగా ఉన్న నాలుగు సున్నపు బట్టీలూ నావే. పిత్రార్జితం కాదు, నా సొంత కష్టం.

రెండోది, ఊళ్ళో ఐకమత్యం. పోయిన ఎన్నికల నుంచి మా గడప తొక్కని ఎదురు పార్టీ విజయలక్ష్మి వాము పొట్లం కట్టుకుని మరీ వచ్చింది. "అడిగినప్పుడల్లా ఐస్‌క్రీములు కొనిపెడతంటే దగ్గు రాక ఏమొస్తది అన్నయ్యా?" అని మొహమ్మీదే అనేసి పోయింది. ఒకరు అరటిపండన్నారు, ఒకరు ఏసీ అన్నారు. దిష్టి అన్నవాళ్ళయితే పదకొండు మంది. నా వరండాలో కూర్చుని, నా బట్టీల వంకే చూస్తూ, ఇంకో కారణం చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పెద్దమనిషంటే ఊరికి ఆ మాత్రం గౌరవం ఉండాలి కదా!

మా ఆవిడ రామాయమ్మ తులసి కషాయం కాస్తుంది. మా పెరట్లో ఆకు పచ్చగా కనపడాలంటే రెండు నీళ్ళు పోసి కడగాలి. ఇంత శుభ్రత మీ ఇళ్ళల్లో ఉందా?

నరసరావుపేటలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంటి చుట్టుపక్కల ఏమున్నాయని అడిగాడు. "అన్నీ మనయ్యే సార్, బయటోళ్ళెవరూ లేరు" అని ధైర్యం చెప్పాను. ఇలాగే వదిలేస్తే ఆయాసంలోకి దిగుతుంది, కొన్నాళ్ళు ఊరు మార్చి చూడండి అన్నాడు.

మాచర్లలో మా వియ్యపురాలి ఇంట్లో పది రోజులు ఉంచితే దగ్గు మాయం! ఇంటిల్లిపాదీ కూర్చుని, అది మాచర్ల నీళ్ళ మహిమేనని తేల్చాం. ఇరవై క్యాన్లు లారీలో తెప్పించాను. పిల్ల తిరిగొచ్చింది, ఆ నీళ్ళే తాగింది, మూడోనాటికి దగ్గు మళ్ళీ ఎగదన్నుకొచ్చింది. దగ్గి దగ్గి నా ఒళ్ళోనే సొమ్మసిల్లి పడుకుంది. ఆ రోజు నాకు భయమేసింది, దాచుకోవడం దేనికి?

అందుకని నిన్న దాన్ని మాచర్లలోనే బళ్ళో వేసి, అమ్మమ్మ దగ్గర ఉంచేసి వచ్చాను. తిరుగుదారిలో మా కారు డ్రైవర్ మౌలాలీ నోరు విప్పాడు. అతని ఇల్లు మా బట్టీల గోడకు ఆనుకునే ఉంటుంది.

"మంచి పని చేశారు సార్. మా పాప ఫరా గూడా ఆర్నెల్ల నుంచి దగ్గతానే ఉంది. దానికి మాచర్లలో ఎవురూ లేరు. నన్నేం చెయ్యమంటారు?"

సిగ్గేసింది. ఈలోగా కారు మా బట్టీల దగ్గరికి వచ్చేసింది.

"ముందా అద్దం ఎక్కించరా, దుమ్మొస్తంది" అన్నాను.